బబతా తోలు సంచి: దాచిన ప్రతి కాగితానికీ ఒక కారణం

(ఉపన్యాసానికి రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం)

అందరికీ నమస్కారం. ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఉన్నపళంగా ఇల్లు వదిలి వెళ్లిపోవాలి, తిరిగి ఎప్పుడొస్తామో తెలియదు. చేత్తో ఏం పట్టుకుపోతారు? నగలు, డబ్బు, సరే. ఆ తర్వాత? బీరువాలో ఉన్న కాగితాల కట్ట. పొలం పట్టా, ఇంటి దస్తావేజు, ఎవరికో ఇచ్చిన అప్పు తాలూకు నోటు. అవునా కాదా?

సుమారు 1,890 ఏళ్ల కిందట ఒక యూదు స్త్రీ సరిగ్గా ఇదే చేసింది. ఆమె పేరు బబతా, షిమ్యోన్ కూతురు. మృత సముద్రానికి పడమటి వైపు నహల్ హెవెర్ అనే లోయ ఉంది. ఆ లోయ కొండగోడలో, మనిషి దిగడానికే భయపడే చోట ఒక గుహ. రోమన్ల మీద యూదులు చేసిన బార్ కోఖ్బా తిరుగుబాటు నాటి ఉత్తరాలు అందులో దొరికాయి కాబట్టి దాన్ని ఉత్తరాల గుహ అంటారు. 1961లో పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదిన్ బృందం అక్కడ తవ్వుతున్నప్పుడు, రాళ్ల సందులో దాచిన తోలు సంచి ఒకటి బయటపడింది. ఆ దాపులోనే చెప్పులు, నూలు ఉండలు, తాళంచెవి లాంటి ఇంటి సామాను. సంచిలో ఏముంది? పాపిరస్ మీద, అంటే రెల్లులాంటి మొక్కతో చేసిన కాగితం మీద, రాసిన 35 పత్రాలు. అన్నిటికన్నా పాతది క్రీ.శ. 93-94 నాటిది, చివరిది 132 ఆగస్టు 19 నాటిది. మూడు భాషలు: గ్రీకు, నబతీయుల అరామిక్, యూదుల అరామిక్. ఎక్కువ భాగం గ్రీకు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది ప్రభుత్వ ఆఫీసు రికార్డు కాదు, ఒక మనిషి తనకు అవసరమని ఎంచి పెట్టుకున్న కట్ట. పైగా ఏ వ్యవహారానికి సంబంధించినవి ఆ వ్యవహారం కింద సర్ది ఉన్నాయి. అందుకే ఈ రోజు ప్రతి కాగితం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుంటూ పోదాం: దీన్ని ఎందుకు దాచింది? "ఇందులో ఏం రాసుంది" అనేది రెండో ప్రశ్న. మొదటిది "ఎందుకు దాచింది".

ఊరి సంగతి కొంచెం. బబతా వాళ్లది మహోజా, మృత సముద్రం దక్షిణపు కొసన, సోయరు ప్రాంతంలో. బైబిల్లో లోతు పారిపోయి చేరిన సోయరు ఉంది చూడండి, ఆ సోయరే. ఖర్జూర తోటల ఊరు. యూదులు, నబతీయులు అనే అరబ్బు జాతివాళ్లు పక్కపక్కనే తోటలు పెట్టుకుని బతికారు. క్రీ.శ. 106 దాకా అది నబతీయుల రాజ్యం. 106లో రోమన్లు దాన్ని కలిపేసుకుని అరేబియా ప్రావిన్సు అన్నారు. మనుషులు వాళ్లే, తోటలు అవే, కోర్టు మాత్రం మారింది. కోర్టు మారితే కాగితం మారుతుంది. అంతకు ముందు పత్రాల మీద తేదీ ఎలా ఉంది? రబ్బెల్ రాజు ఏలుబడిలో ఫలానా సంవత్సరం అని. తర్వాత? ఒక పత్రంలో చూడండి: గల్లికానస్, టిటియానస్ కాన్సుళ్లుగా (రోమ్‌లో ఏటా మారే ఇద్దరు పెద్ద అధికారులు) ఉండగా, డిసెంబరు నోన్స్‌కు ముందు నాలుగో రోజున (నోన్స్ అంటే రోమన్లు నెలలో లెక్కకు పెట్టుకున్న గుర్తు రోజు), కొత్త అరేబియా ప్రావిన్సు లెక్కలో 22వ సంవత్సరం, అపెలాయోస్ నెల 16. అంటే క్రీ.శ. 127 డిసెంబరు 2. రోమ్ లెక్క ఒకటి, ప్రావిన్సు లెక్క ఒకటి, నెల పేరేమో మాసిడోనియాది. తేదీ దగ్గర ఎవరూ పేచీ పెట్టకుండా ఇన్ని రకాలుగా బిగించారన్నమాట.

సరే, కాగితం తయారయ్యే పద్ధతి చెబుతాను. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ముఖ్యమైన పత్రాలన్నీ జంట పత్రాలు. అంటే ఒకే పాపిరస్ మీద అదే విషయం రెండుసార్లు రాస్తారు, పైన ఒకసారి, కింద ఒకసారి. రాశాక పై భాగాన్ని సన్నగా గట్టిగా చుడతారు. చుట్టినదాన్ని దారంతో పలుచోట్ల కట్టేస్తారు. వెనక వైపు, ఆ కట్ల పక్కన, సాక్షులు వరసగా సంతకాలు చేస్తారు. ఐదుగురు కావచ్చు, ఏడుగురు కావచ్చు. కింది భాగం తెరిచే ఉంటుంది, ఎప్పుడైనా చదువుకోవచ్చు.

ఇంత తంటా ఎందుకు? కింది భాగంలో ఎవరో అంకె దిద్దారనుకోండి. అరవైని ఎనభై చేశారనుకోండి. జడ్జి ముందు కట్టు విప్పుతారు, లోపలి పాఠం బయటికొస్తుంది, దొంగతనం అక్కడికక్కడే తేలిపోతుంది. మరి లోపలిదాన్నే మార్చాలంటే? కట్టు తెంపాలి, అన్ని సంతకాల మధ్య నుంచి. సాక్షులు ఒప్పుకుంటారా? యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో కూడా ఈ రెండు రకాలూ ఉన్నాయి. మామూలు పత్రానికి సాక్షులు లోపల, ఇద్దరు చాలు. కట్టిన పత్రానికి సాక్షులు వెనక, ముగ్గురు కావాలి. మహోజా వాళ్లు ముగ్గురితో ఎక్కడ ఊరుకున్నారు!

ఇంకో సంగతి. బబతాకు చదువు రాదు. ఆ మాట పత్రాల్లోనే ఉంది, అక్షరాలు రానందువల్ల ఆమె తరఫున ఫలానావాడు రాశాడు అని. పైగా గ్రీకు పత్రం రాయించుకున్న ప్రతిసారీ ఆమె పక్కన ఒక మగ సంరక్షకుడి పేరు ఉండాలి. రోమన్ పద్ధతి అది. అంటే తాను చదవలేని భాషలో, వేరేవాళ్ల చేతిరాతతో, ఇంకొకరి పేరు తోడుగా. అయినా ఏ కాగితం దేనికి పనికొస్తుందో ఆమెకు తెలుసు. ఆ సర్దిన కట్టే దానికి రుజువు.

ఇక భూమి కాగితాలకు వద్దాం. సంచిలో ఉన్న పాత నబతీయ పత్రాల్లో బబతా నాన్న షిమ్యోన్ ఖర్జూర తోట కొన్న దస్తావేజు ఉంది. దాంతోపాటు, అదే అమ్మకందారు అంతకు కొద్దికాలం ముందు ఇంకొకరికి రాసిన అమ్మకపు పత్రం కూడా ఉంది. వేరేవాళ్ల పేరు మీదున్న పత్రం షిమ్యోన్ ఇంట్లో ఎందుకుంది? స్థలం కొన్నవాళ్లెవరైనా ఇట్టే చెప్తారు, లింకు డాక్యుమెంటు. మొదటి బేరం పాత కాగితం రేపు ఇంకొకడి చేతిలో తేలితే మన తోటకు ఎసరు. అందుకే తీసుకుని కట్టలో పెట్టుకున్నాడని నా అభిప్రాయం. తర్వాత 120లో షిమ్యోన్ తన ఆస్తిని భార్య మిర్యామ్ పేర దానపత్రం రాశాడు. బతికున్నంతకాలం అనుభవం తనదే. అందులో కూతురికీ ఒక ఏర్పాటు ఉంది: బబతా విధవరాలైతే, అలా ఉన్నంతకాలం ఆ ఇంటి ఆవరణలో ఉండడానికి చోటు. ఈ మూడూ ఆమె ఎందుకు దాచింది? తోటలు తన దాకా వచ్చిన దారి ఆ కాగితాల్లో ఉంది కాబట్టి.

127లో గవర్నరు సెక్స్టియస్ ఫ్లోరెంటినస్ ప్రావిన్సు అంతటా జనాభా, భూముల లెక్క తీయించాడు. బబతా రబ్బాత్ పట్టణానికి వెళ్లి డిసెంబరు 2న నాలుగు ఖర్జూర తోటలు నమోదు చేయించింది. నమోదులో ఏమేం ఉండాలి? తోట పేరు. విస్తీర్ణం. కట్టే పన్ను. హద్దులు. విస్తీర్ణం ఎలా చెప్పారో గమనించండి, ఎన్ని గింజలు చల్లే నేల అన్న లెక్కలో. "ఒక సాటోన్ మూడు కబ్‌ల బార్లీ పట్టే నేల." ఆరు కబ్‌లైతే ఒక సాటోన్, అంటే తొమ్మిది కబ్‌ల నేల. మనవైపు తూమెడు నేల, పుట్టెడు నేల అన్నట్టే. ఖర్జూర తోటకు బార్లీ కొలత ఏమిటి అనకండి, నేల కొలత అది, పండేది ఏదైనా సరే.

పన్ను రకరకాలు. మొదటి తోటకు ఖర్జూరాల్లోనే: సిరియా రకం, కలగలుపు రకం కలిపి 15 సాటాలు, పగిలిన పళ్లు 10 సాటాలు, పైన కిరీటపు పన్ను కింద కొంచెం నాణేల్లో. ఇంకో తోటకు ఏటా పండినదాంట్లో సగం. సగం! హద్దుల్లో ఒకచోట రోడ్డు, సముద్రం. ఇంకోచోట చక్రవర్తి సొంత భూమి. చక్రవర్తి పొరుగువాడైతే హద్దు మరింత జాగ్రత్తగా రాయించుకోవాలి కదా. చివర ప్రమాణం: సీజరు ప్రభువు అదృష్టదేవత మీద ఒట్టు, ఇవన్నీ నిజాయితీగా నమోదు చేశాను అని. యూదు స్త్రీ ఈ ఒట్టు పెట్టింది. అది ఆమె విశ్వాసం గురించి ఏం చెబుతుంది అని పెద్ద చర్చే ఉంది. నాకు మాత్రం అది ఫారంలో ఉన్న వాక్యంగానే కనిపిస్తుంది. ఒట్టు లేకపోతే నమోదు లేదు, నమోదు లేకపోతే తోట మీద రేపు ఎవరైనా చెయ్యి వేస్తారు. రెండు రోజుల తర్వాత, డిసెంబరు 4న, ప్రిస్కస్ అనే అశ్విక దళాధికారి అందుకున్నానని కింద రాశాడు. ఆ నమోదును రబ్బాత్ బసిలికాలో, అంటే పట్టణ సభాభవనంలో, అందరూ చూసేలా పెట్టారు. బబతా అక్కడినుంచి సరిచూసిన నకలు తీయించుకుంది. నమోదు చేస్తే సరిపోదు, నకలు చేతిలో ఉండాలి. సంచిలో ఉన్నది ఆ నకలే.

ఇప్పుడు అసలు కథ. అన్ని కాగితాల్లో ఎక్కువ ఆరాటం కనిపించేది ఇక్కడే.

బబతా మొదటి భర్త పేరు యేసు. కొడుకు పేరూ యేసే. ఆ రోజుల్లో అది ఊరికి పదిమందికి ఉండే పేరు, తికమక పడకండి. 124 నాటికి భర్త చనిపోయాడు. కొడుకు చిన్నవాడు. తండ్రి లేని పిల్లవాడి ఆస్తి చూడడానికి పెట్రా నగర మండలి ఇద్దరు సంరక్షకుల్ని పెట్టింది. ఒకాయన యూదుడు, ఎగ్లాస్ కొడుకు యోసేపు, అతని కొడుకు యోహాను. ఇంకొకాయన నబతీయుడు, ఇలూతాస్ కొడుకు అబ్దోబ్దాస్. తల్లి ఉండగా తల్లిని ఎందుకు పెట్టలేదు? రోమన్ పాలనలో ఆ హక్కు తల్లికి లేదు. పెట్రాలో అఫ్రొడైటీ గుడిలో ప్రదర్శించిన మండలి మినిట్స్‌లో, తన కొడుక్కి సంబంధించిన ఒక్క అంశానికి బబతా ధ్రువీకరించిన నకలు తెచ్చుకుంది. దాన్ని ఎందుకు దాచింది? సంరక్షకులు ఎవరో, వాళ్లను ఎవరు పెట్టారో ముందు రుజువు చేస్తే గానీ వాళ్ల మీద కేసు నడవదు.

పిల్లవాడి డబ్బు వడ్డీకి తిరుగుతోంది. తల్లికి వాళ్లు ఇచ్చేది నెలకు రెండు రోమన్ వెండి నాణేలు, అంటే రెండు దెనారియస్‌లు. గవర్నరుకు ఆమె అర్జీ పెట్టింది, ఇది చాలదు అని. 125 అక్టోబరులో గవర్నరు జూలియస్ జూలియానస్ ముందుకు రమ్మని సమన్లు పంపింది. అప్పుడే ఒక వాంగ్మూలం రాయించింది, సాక్షులతో. ఆ వాంగ్మూలం వడ్డీ లెక్క. మీకు చాలా తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే మన ఊళ్లలో వడ్డీ చెప్పే పద్ధతీ అదే, నూటికి నెలకు ఎంత అని. సంరక్షకులు ఇస్తున్నది నూటికి నెలకు అర దెనారియస్. అర్ధ రూపాయి వడ్డీ. బబతా ఏమంటుంది? ఆ డబ్బు నాకివ్వండి, నా ఆస్తి హామీగా తనఖా పెడతాను, నూటికి నెలకు ఒకటిన్నర ఇస్తాను. రూపాయిన్నర వడ్డీ. అలా చేస్తే నా కొడుకు దర్జాగా పెరుగుతాడు అంటుంది.

లెక్క వేద్దాం. అర వడ్డీకి నెలకు రెండు వస్తున్నాయంటే అసలు ఎంత? 400. ఒకటిన్నర చొప్పున అదే 400కు నెలకు ఆరు. మూడింతలు! అప్పట్లో మామూలు వడ్డీ ఎంత? అదే సంచిలో ఇంకో పత్రం చెబుతుంది. ఆమె రెండో భర్త యెహూదా 124లో మృత సముద్రం పడమటి ఒడ్డునున్న ఏన్గెదీ ఊళ్లో ఒక రోమన్ శతాధిపతి దగ్గర 60 దెనారియస్‌లు అప్పు తీసుకున్నాడు, నూటికి నెలకు ఒకటి చొప్పున. ఊళ్లో రూపాయి వడ్డీ నడుస్తుంటే సంరక్షకులు పిల్లవాడికి అర్ధ రూపాయి చూపిస్తున్నారు. మిగతా అర్ధ రూపాయి ఎక్కడికి పోతోంది? బబతా అడుగుతున్నది సరిగ్గా ఆ ప్రశ్నే. తాను మాత్రం మామూలు కన్నా ఎక్కువే ఇస్తానంటోంది. కొంచెం గొప్పకు పోయిన మాట అనుకోవచ్చు. కానీ తనఖా పెడతానంటోంది, నోటి మాట కాదు.

ఆ కేసు కాగితాల్లో నన్ను కట్టిపడేసేవి మూడు నకళ్లు. మూడూ ఒకే పాఠం. సంరక్షకుడి మీద వేసే దావాకు రోమ్ ప్రేటర్ (అక్కడి న్యాయాధికారి) శాసనంలో ఉన్న నమూనా, గ్రీకులో. పేర్లు ఉండాల్సిన చోట ఖాళీ: ఫలానావాడి కొడుకు ఫలానావాడు వాది, ఫలానావాడు ప్రతివాది. పరిమితి 2,500 దెనారియస్‌లు. రోమ్ నగరపు దావా ఫారం మృత సముద్రం ఒడ్డున, చదువు రాని తల్లి సంచిలో. ఒకటి కాదు, మూడు. గవర్నరు కోర్టుకు వెళ్లేముందు ఎవరో బాగా తెలిసినవాడు చెప్పి ఉండాలి, అమ్మా, ఈ మాటల్లోనే అడగాలి, ఈ మాటలు కాకపోతే జడ్జి చెవిన పెట్టడు అని.

రెండో పెళ్లి కాగితం వేరే రకం. కెతుబా, అంటే యూదుల వివాహ పత్రం, అరామిక్‌లోనే ఉంది. పెళ్లికొడుకు యెహూదా స్వయంగా తన చేత్తో రాశాడు. 400 దెనారియస్‌లు. అది ఆమె హక్కు, భర్త ఆస్తి మీద అప్పులాంటిది. 128 ఫిబ్రవరి 21న ఇంకో పత్రం: బబతా దగ్గర నుంచి 300 దెనారియస్‌లు డిపాజిట్‌గా తీసుకున్నానని యెహూదా ఒప్పుకున్నాడు. అడిగినప్పుడు ఇవ్వకపోతే రెట్టింపు, పైన నష్టపరిహారం. 300 అంటే ఎంత? ఆ కాలపు రోమన్ దళ సైనికుడి ఏడాది జీతం. భార్యాభర్తల మధ్య ఇంత గట్టి కాగితమా అనిపిస్తుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆరు వారాల తర్వాత, ఏప్రిల్ 5న, యెహూదా మొదటి భార్య మిర్యామ్ కూతురు షెలంసియోన్ పెళ్లి. తండ్రి పెట్టిన నగలు 200 దెనారియస్‌లు, పెళ్లికొడుకు కలిపినది 300, మొత్తం 500, దానికి అతని ఆస్తంతా హామీ. ఈ పెళ్లి పత్రం గ్రీకులో, భార్యాపిల్లల పోషణ గ్రీకు ఆచారం ప్రకారం అని రాసి ఉంది. ఒకే ఇంట్లో ఒక పెళ్లి అరామిక్ కెతుబా, ఒక పెళ్లి గ్రీకు ఒప్పందం! పదకొండు రోజులకు, ఏప్రిల్ 16న, ఏన్గెదీలోని లోగిలి కూతురికి దానపత్రం: సగం ఇప్పుడే, సగం తన తర్వాత. సవతి కూతురి పెళ్లికి బబతా డబ్బు అక్కరకొచ్చిందేమో. తేదీలు అటే చూపిస్తున్నాయి, కాగితం మాత్రం ఆ మాట అనదు.

130 నాటికి యెహూదా కూడా పోయాడు. ఇప్పుడు ఆ పాత కాగితాలన్నీ ఎందుకు దాచిందో తెలుస్తుంది. 400, 300, మొత్తం 700. ఆ బాకీ కింద భర్త ఖర్జూర తోటల్ని బబతా తన చేతిలో ఉంచుకుంది. సెప్టెంబరు 11న పంట అమ్మింది. కొన్నవాడికీ అమ్మినామెకూ చెరొక పత్రం. అందులో స్పష్టంగా రాయించింది, ఈ తోటలు నా వివాహ ధనానికీ అప్పుకూ బదులుగా నా స్వాధీనంలో ఉన్నవి అని. పంట అమ్మకం పత్రంలో ఆ మాట ఎందుకు? కొన్నవాడికి ఖర్జూరాలు కావాలి, అంతే. కానీ ఆ మాట సాక్షుల ముందు, తేదీతో, రాతలోకి ఎక్కింది. రేపు ఎవరైనా కాదంటే చూపించడానికి.

అన్నారు కూడా. నవంబరు 17న బేసాస్ అనే ఆయన సమన్లు పంపాడు. యెహూదా సోదరుడి కొడుకుల సంరక్షకుడు అతను. అనాథలకు రావాల్సిన తోటను నువ్వు బలవంతంగా పట్టుకున్నావు అన్నాడు. అతని పక్కన జూలియా క్రిస్పినా అనే రోమన్ పేరున్న స్త్రీ, ఆ పిల్లల వ్యవహారాలు పర్యవేక్షించేది. చిత్రం ఏమిటంటే, తన కొడుకు విషయంలో ఇదే బబతా సంరక్షకుల మీద దావా వేసినామె. ఇప్పుడు ఇంకో అనాథల సంరక్షకుడు ఆమె మీదికి వచ్చాడు. ఎవరిది న్యాయం? తీర్పు సంచిలో లేదు. అదే ఏడాది జూన్‌లో ఏన్గెదీ లోగిలి మీద ఆ అనాథల తరఫువాళ్లు షెలంసియోన్ హక్కు ఒప్పుకుంటూ రాసిచ్చిన పత్రం మాత్రం ఉంది. రెండేళ్ల కిందటి దానపత్రం కూతుర్ని అలా కాపాడింది.

131 జూలై 9న బబతా, యెహూదా మొదటి భార్య మిర్యామ్ మీద సమన్లు వేసింది (బబతా తల్లి మిర్యామ్ వేరు). యెహూదా ఇంట్లో ఉన్నవన్నీ మిర్యామ్ పట్టుకుపోయిందని ఆరోపణ. మిర్యామ్ జవాబు కూడా అదే కాగితంలో ఉంది: నా భర్త, నీ భర్త అయిన ఆయన వస్తువుల దరికి రావద్దని నేను నిన్ను ముందే హెచ్చరించాను. "నా భర్త, నీ భర్త." ఇద్దరు భార్యలూ ఒకేసారి ఉన్నారా, ముందామెకు విడాకులయ్యాయా అని పండితులు ఇంకా వాదిస్తున్నారు. ఏదైనా, ఇద్దరూ కబుర్లతో తేల్చుకోలేదు. గవర్నరు హటేరియస్ నేపోస్ కోర్టుకు రమ్మని ఒకరినొకరు రాతమూలకంగా పిలుచుకున్నారు.

బబతా ఒక్కతే ఇలా అనుకోకండి. అదే గుహలో అదే ఊరి సలోమె కోమాయిసె కాగితాలూ ఉన్నాయి, 125 నుంచి 131 దాకా. వాళ్లమ్మ 129లో ఆమెకు ఖర్జూర తోట దానం రాసింది. తోటతోపాటు నీటి వంతు కూడా: వారానికి ఒకసారి, నాలుగో రోజున, అరగంట. ఎడారి అంచున నీళ్లు లేని తోట తోటే కాదు. అందుకే వంతు కూడా దస్తావేజులో ఎక్కింది.

చివరి కాగితం ఒకటి చూపించి ఆపుతాను. 132 ఆగస్టు 19. రసీదు. రాసిన గుమాస్తా పేరు జెర్మానోస్, అతని గ్రీకు వ్యాకరణం తడబడుతుంది గానీ విషయం స్పష్టం. యోహాను సంరక్షకుడిగా లేడు ఇప్పుడు, అతని కొడుకు, గూని సీమోను, ఆ పని చూస్తున్నాడు. నా కొడుకు యేసు తిండికీ బట్టకూ, పూర్తి మూడు నెలలకు, ఆరు వెండి దెనారియస్‌లు నీ దగ్గర నుంచి తీసుకున్నాను అని బబతా ఒప్పుకుంటుంది.

మూడు నెలలకు ఆరు. నెలకు ఎంత? రెండు. 124లో చాలవని అర్జీ పెట్టిన ఆ రెండే. ఎనిమిదేళ్లు, గవర్నర్లు మారారు, సంరక్షకుడు మారాడు, వడ్డీ లెక్కలు, వాంగ్మూలం, రోమ్ ఫారం మూడు నకళ్లు. రెండు రెండుగానే ఉంది. అయినా రసీదు రాయించింది, అరామిక్ వాక్యం, దాని గ్రీకు అనువాదం రెండూ వేయించింది, మిగతా కాగితాలతోపాటు కట్టలో పెట్టింది. కేసు అయిపోయిందని ఆమె అనుకోలేదు. ఆ ఏడాదే తిరుగుబాటు మొదలైంది. సంచి కట్టి, గుహలో రాళ్ల సందులో పెట్టింది, పక్కన తాళంచెవి.